బీపీతో పాటు చెవులనూ పరీక్షించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,

తిరుపతి నుంచి ఒక విశ్రాంత తెలుగు పండితుడు నమస్కరించి చేసుకొనే విన్నపం.

మా ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పిందే మళ్లీ చెప్పినా, తాళంచెవులు ఎక్కడ పెట్టారో మరిచిపోయినా, చాదస్తమని నవ్వి ఊరుకుంటాం. గోవిందరాజస్వామి గుడి దగ్గర భజనకు తప్పకుండా వెళ్లే మా పెద్దక్క రెండేళ్ల కిందట ఉన్నట్టుండి వెళ్లడం మానేసి, అడిగినదానికి పొంతనలేని జవాబులు చెబుతుంటే, మతి తప్పుతోందని ఇంటిల్లిపాదీ నిశ్చయించేసుకున్నాం. తీరా చూపిస్తే, తగ్గింది వినికిడి. యంత్రం పెట్టించాక మళ్లీ భజనకు వెళుతోంది. నా తప్పులు ఎంచడమూ మొదలుపెట్టింది.

మతిమరుపు జబ్బుకు (డిమెన్షియాకు) దారితీసే ముప్పుల్లో మార్చుకోదగినవి 14 ఉన్నాయని, వాటిని చిన్నప్పటి నుంచీ అదుపులో పెట్టగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, వెనక్కు నెట్టడమో సాధ్యం కావచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల కమిషన్ పేర్కొంది. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం, చూపు తగ్గినా అద్దాలు పెట్టుకోకపోవడం అందులో ఉన్నాయి. చికిత్స లేని వినికిడి లోపమూ ఉంది. మాట వినబడనివాడు నలుగురిలో కూర్చోలేక మెల్లగా ఇంటికే పరిమితమవుతాడు, మెదడుకు పని తగ్గిపోతుంది. వినికిడి యంత్రాలపై 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో అందరినీ కలిపి చూస్తే పెద్ద తేడా కనబడలేదు కానీ, మతిమరుపు ముప్పు ఎక్కువగా ఉండి యంత్రం పెట్టుకున్న వృద్ధుల్లో మాత్రం, పెట్టుకోనివారితో పోలిస్తే, మూడేళ్లలో మేధాశక్తి క్షీణత 48 శాతం తక్కువగా నమోదైంది.

మిగిలిన అలవాట్లు చాలావరకు మా చేతుల్లోనివే. అలిపిరి దారిలో 3,550 మెట్లూ రోజూ ఎక్కనక్కరలేదు, వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలునంటారు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట మాత్రం, రాగి సంగటిలోకి ఊరగాయ నంజుకొనే మా చిత్తూరు సీమవాళ్లకు కాస్త కష్టమే. ఈ విషయంలో ఇతరులకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. అయితే బీపీ ఏళ్ల తరబడి అదుపు తప్పితే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయని, నలభై దాటిన నాటి నుంచే జాగ్రత్త పడాలని తెలిసినవారు మా వీధిలో ఎందరు? బీపీ మాత్రలు గుండె కోసమేననుకొని, నొప్పి లేదు కదా అని మానేసినవాళ్లనే ఎక్కువగా చూశాను.

అందుకే నా విన్నపం. 30 ఏళ్లు దాటినవారికి మీ సిబ్బంది బీపీ, షుగర్ చూస్తున్నారు. ఆ సమయంలోనే, బీపీ మాత్ర మెదడునూ కాపాడుతుందని ఒక్క మాట చెప్పించండి. 60 దాటినవారికి వినికిడినీ, చూపునూ పరీక్షించి, లోపం ఉన్నవారిని ఈఎన్‌టీ, కంటి వైద్యుల దగ్గరకు పంపే ఏర్పాటు చేయండి. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లజోళ్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన పక్కనే నెల్లూరులో మొదలైంది. దాని గురించి అడిగితే మా వీధి పెద్దలు నావైపు వింతగా చూశారు. ఆ దరఖాస్తు వార్డు సచివాలయంలోనే నింపించేలా ఆదేశిస్తే, చెవులు వినబడక అరుగులు ఖాళీ చేసినవాళ్లు కొందరైనా తిరిగి వచ్చి కూర్చుంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తిరుపతి