ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు

సంపాదకుడికి,

ఫీజులు తక్కువని జర్మనీ వైపు చూసే మన పిల్లల్లో ఒకరిద్దరు ఈమధ్య మెక్సికో ప్రభుత్వ యూనివర్సిటీల గురించి కూడా నన్ను అడుగుతున్నారు. మెక్సికో నగరంలో అందరూ ఉనామ్ అని పిలిచే జాతీయ విశ్వవిద్యాలయంలో నేను రెండేళ్లు పీజీ చేశాను. వెళ్తున్నానని చెప్పిన రోజు మా బాబాయి అడిగిన మొదటి మాట, "గోడ దూకి అమెరికా పోవడానికా?"

ఫీజు తక్కువన్న మాట నిజమే. 1999లో పెంచబోతే విద్యార్థులు తొమ్మిది నెలలకు పైగా సమ్మె చేశారు. 2000 ఫిబ్రవరిలో పోలీసులు క్యాంపస్‌లోకి దిగాక గానీ అది ముగియలేదు. ఫీజు మాత్రం పెరగలేదు. అక్కడి డిగ్రీ విద్యార్థికి ఏడాది ఫీజు ఇప్పటికీ 20 సెంటావోలే. మన లెక్కలో ఒక రూపాయి, కాస్త అటూ ఇటూ. విదేశీయుల ఫీజు వేరు, అంతకంటే ఎక్కువ. అయినా నన్ను ఏడిపించింది ఫీజు కాదు, నా పేరు.

నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. డిగ్రీ పట్టాలో అది ఒక పొడి అక్షరం అయిపోయింది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో కుక్కి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. స్టూడెంట్ వీసాతో మెక్సికోలో దిగాక 30 రోజుల్లోపు నివాస కార్డుకు దరఖాస్తు చేయాలి. ఆ ఫారంలో ఇంటిపేరుకు రెండు గడులు ఉంటాయి, ఒకటి తండ్రిది, రెండోది తల్లిది. అమ్మ పుట్టింటి పేరు అడిగిన సర్కారు కాగితం నా జీవితంలో అదే మొదటిది! కౌంటర్‌లోని ఆవిడ పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి, ఖాళీ గడి మీద వేలు పెట్టి "అపెయీదో?" అంది. అంటే ఇంటిపేరేదీ అని. నా దగ్గర జవాబు లేదు.

ఆ కార్డు ఉంటేనే కుర్ప్ అనే 18 అక్షరాల గుర్తింపు సంఖ్య వస్తుంది. మన ఆధార్ లాంటిదే, కాకపోతే ఇంటిపేర్ల అక్షరాలతోనే మొదలవుతుంది. గుర్తింపు ఉన్న పీజీ కోర్సుల్లో అక్కడి కేంద్ర ప్రభుత్వం నెలనెలా ఇచ్చే స్కాలర్‌షిప్‌కు విదేశీయులూ అర్హులే. కానీ కుర్ప్ లేనిదే దరఖాస్తు కూడా తీసుకోరు. పట్టాలో పేరు, పాస్‌పోర్టులో పేరు ఒకరివేనని సర్టిఫికెట్ తెచ్చి చూపించేసరికి మూడు నెలలు గడిచాయి. అన్నాళ్లూ నాన్న పంపిన డబ్బుతోనే బతికాను.

మార్కులది ఇంకో తంటా. అక్కడ పదికి ఆరు వస్తే పాస్. మన 60 శాతం ఫస్ట్ క్లాసును ఉన్నదున్నట్టు మారిస్తే అత్తెసరు పాస్ కింద లెక్క. మార్కుల స్కేలును వివరిస్తూ ఒక కాగితం ఇమ్మని నేను డిగ్రీ చదివిన యూనివర్సిటీని అడిగితే, "అలాంటి ఫార్మాట్ మా దగ్గర లేదమ్మా" అన్నారు. దానికోసం నాలుగు సార్లు తిరిగాను. ఆ తర్వాత రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, పట్టా విదేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర, స్పానిష్ అనువాదం ఎలాగూ తప్పవు.

స్పానిష్ రాకుండా మాత్రం వెళ్లొద్దు. పాఠాలు, పరీక్షలు, థీసిస్ అన్నీ అందులోనే. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ (ఇఫ్లూ)లో నేర్పుతారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఎంబీబీఎస్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇంకో మాట: జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) 2021 నాటి నిబంధనల ప్రకారం విదేశీ వైద్యవిద్య ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. స్పానిష్‌లో చదివిన డిగ్రీతో వచ్చి ఇక్కడ ప్రాక్టీస్ చేయడం కుదరదు.

రెండు రాష్ట్రాల యూనివర్సిటీలకు నా విన్నపం ఒక్కటే. పదో తరగతి మెమోలో ఉన్న పేరునే పొడి అక్షరాలు లేకుండా పట్టాలో అచ్చు వేయండి. మార్కుల స్కేలు వివరాన్ని మెమో వెనకే ముద్రించండి. తల్లిదండ్రులు పిల్లలకు పాస్‌పోర్టు తీసేటప్పుడు ఇంటిపేరు గడి నింపించండి.

అమ్మ ఇంటిపేరు నా కాగితాల్లో ఎక్కడా లేదు కాబట్టి, నా కుర్ప్‌లో ఆ అక్షరం ఉండాల్సిన చోట 'ఎక్స్' వేశారు. ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

ఒక పాఠకురాలు,
హనుమకొండ