టెండరుకు ముందు ఒక్క పీరియడు లెక్క చూడండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

తరగతి గదులకు డిజిటల్ తెరలు, ట్యాబ్‌లు కొనే ఫైలు మీ దగ్గరికి వచ్చేసరికి అందులో పరికరం ధర, బిగింపు ఖర్చు, వారంటీ అన్నీ ఉంటాయి. టీచరు సమయానికి మాత్రం పద్దు ఉండదు. ఈ లేఖ ఆ పద్దు గురించే.

45 నిమిషాల పీరియడు తీసుకోండి. హాజరుకు 4 నిమిషాలు, తెర ఆన్ అయి పాఠం పైకి రావడానికి 2 నిమిషాలు పోతాయి. 40 మందికి ట్యాబ్‌లు పంచడానికి 5, మళ్లీ లెక్కపెట్టి సర్దడానికి ఇంకో 5. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లు ఎప్పుడూ ముగ్గురు నలుగురు ఉంటారు, వాళ్లకు 4. పాఠానికి మిగిలేవి 25 నిమిషాలు. ఇందులో చాలావరకు తేలిగ్గానే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఛార్జింగ్ పెట్టెలో ఒక్కో గడికి రోల్ నంబరు అంటిస్తే పిల్లలే తీసుకుని పిల్లలే పెడతారు, ఖాళీ గడి ఏదో చూడగానే తెలుస్తుంది. పాస్‌వర్డ్ మార్చే అధికారం టీచరు ఖాతాకు ఇస్తే అర నిమిషం పని. కేంద్ర కార్యాలయానికి ఫిర్యాదు పెట్టి ఎదురుచూడమంటే ఆ పిల్లవాడికి ఆ వారం పోయినట్టే.

తెర సైజు సంగతి. 65 అంగుళాల తెర ఎత్తు సుమారు 81 సెంటీమీటర్లు. తెర మీద అక్షరాలు చదవాల్సి ఉంటే, చివరి బెంచీ తెర ఎత్తుకు ఆరు రెట్లకన్నా దూరంలో ఉండకూడదన్నది ఈ రంగంలో పాత లెక్క. అంటే 4.9 మీటర్లు. 75 అంగుళాలదైనా 5.6 మీటర్లే. గది పొడవు 7 మీటర్లుంటే వెనక వరుసలవాళ్లు చదవడం మానేసి పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటారు. కాబట్టి తెర కోసం నల్లబల్లను పీకించకండి. లెక్కలో మొదటి మెట్టు బల్ల మీద పీరియడు అయ్యేదాకా ఉంటుంది, తెర మీద తర్వాతి పేజీ రాగానే మాయమవుతుంది.

అయితే బల్ల పక్కనే తెర ఉంటే సుద్దపొడితో తంటా. ఇన్‌ఫ్రారెడ్ టచ్ తెరల చట్రంలో ఒక అంచున కంటికి కనబడని కిరణాలు వదిలే దీపాలు, ఎదురంచున వాటిని పట్టే సెన్సర్లు ఉంటాయి. వేలు పెట్టినచోట కిరణం తెగుతుంది, దాన్నిబట్టి తెర చోటు పోల్చుకుంటుంది. గాడిలో పొడి పేరుకున్నా, కిటికీ ఎండ నేరుగా చట్రం మీద పడినా ఎవరూ ముట్టకుండానే తెర గీతలు గీస్తుంది. "టచ్ పోయింది" అని ఫిర్యాదు రాసే ముందు వారానికోసారి తడిలేని మెత్తని గుడ్డతో గాడి తుడవాలని, కిటికీకి కర్టెన్ వేయాలని ఎవరైనా చెప్పి ఉండాలి. బిగించి వెళ్లే మనిషి అది చెప్పడు.

ఇక అసలు విషయం. 0.4, 0.35లలో ఏది పెద్దదని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఒక అమ్మాయి 0.35 అంటుంది, 35 నాలుగుకన్నా పెద్దది కదా అని. ఎర్ర గుర్తు పడుతుంది, సరే. పక్కన అబ్బాయి 0.4 అంటాడు, పచ్చ గుర్తు పడుతుంది. కానీ అతని లెక్క వేరు: చుక్క తర్వాత అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దదని అతని నమ్మకం. 0.3, 0.45 ఇస్తే 0.3నే పెద్దదంటాడు. మొదటి ప్రశ్నతో ఆగిన యంత్రానికి ఇతను నేర్చుకున్నవాడే. "ఎలా చెప్పావురా?" అని అడిగే టీచరుకు ఒక్క నిమిషంలో దొరికిపోతాడు. ప్రశ్నల జంటలను ఇలా ఏరి సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం కుదరనిదేమీ కాదు, కానీ ఆ జంటలేవో తెలిసినవాళ్లు తరగతి గదిలో ఉన్నారు. వాళ్లను అడిగి చేయించాలి.

పరికరం టీచరు చేతిలో ఎంత పదునెక్కుతుందో చూడాలంటే, హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఉంది. నాలుగు జవాబుల ప్రశ్న ఒకటి వేసి ఎవరికి వాళ్లను ఎంచుకోమంటారు. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మందికి వస్తే, వేరే జవాబు ఎంచుకున్నవాళ్లతో రెండు మూడు నిమిషాలు వాదించుకోమని, అదే ప్రశ్న మళ్లీ వేస్తారు. 30కన్నా తక్కువైతే పాఠమే తిరిగి చెప్పాలి. 70 దాటితే ముందుకు సాగిపోవచ్చు. దీనికి తలా ఒక ట్యాబ్ అక్కర్లేదు. గుర్తులు ముద్రించిన 40 అట్ట కార్డులు, వాటిని చదివే యాప్ ఉన్న ఒక్క ఫోను చాలు.

పెరూ పల్లెబడుల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచాక 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. గణితం, భాష మార్కుల్లో తేడా కనబడలేదు. మాకు అందులో వింతేమీ లేదు.

మేం కోరేవి ఇవి. వారానికి ఒక పీరియడు టీచర్లకు పాఠం సిద్ధం చేసుకోవడానికి ఖాళీ ఇవ్వండి. శిక్షణను హాలులో ఒక్కరోజు ఉపన్యాసంతో సరిపెట్టకండి. టీచరు తన పాఠం తెచ్చుకుని చేసి చూపాలి, రెండు వారాలు తరగతిలో వాడి, తేలిన ఇబ్బందులతో మళ్లీ రావాలి. వీడియోలు బడిలోనే చిన్న సర్వర్‌లో దాచుకునేలా చూడండి. ఒక్కో వీడియో సెకనుకు 2.5 మెగాబిట్లు లాగితే 40 మందికి 100 కావాలి, ఆ వేగం పక్క తరగతి కూడా మొదలెట్టగానే చాలదు. సెలవులకు ముందు ట్యాబ్‌లను సగం ఛార్జింగ్‌లో ఉంచి ఆఫ్ చేయాలని నిబంధన పెట్టండి. పూర్తిగా దిగిపోయిన లిథియం బ్యాటరీ రెండు నెలలు అలాగే ఉంటే మళ్లీ ఛార్జింగ్ ఎక్కకపోవచ్చు. ఉబ్బిన బ్యాటరీ కనబడితే ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే పక్కకు తీసేయాలి.

వాడకాన్ని లాగిన్ నిమిషాలతో కొలవడం ఆపించండి. నిమిషాలు అడిగితే నిమిషాలే వస్తాయి: తెర ఒకవైపు వెలుగుతూ ఉంటుంది, పాఠం బల్ల మీద నడుస్తుంది. టెండరులో చివరి 20 శాతం చెల్లింపును ఏడాది చివరిదాకా ఆపి, పని చేస్తున్న పరికరాలెన్నో టీచర్లు సంతకం చేసి ఇచ్చిన లెక్కను బట్టి విడుదల చేయించండి.

ఇట్లు,
తరగతి గదుల్లో పాఠాలు చెప్పేవారం, ఆ పరికరాలను బాగుచేసేవారం