మళ్లీ రక్తం ఇచ్చిన మా ఊరికి

నిన్న మధ్యాహ్నం వైవా అయిపోయింది. బీఎస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు మూడు కాపీలు బైండింగ్ చేయించి డిపార్ట్‌మెంటులో ఇచ్చేసి, శ్రీకాకుళం కాంప్లెక్సులో సోంపేట బస్సెక్కాను. ఆ మూడు గంటల ప్రయాణంలో ఫోన్లో రాసుకున్నదే ఇది. రిపోర్టు మొదట్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. అందులో పద్ధతి ప్రకారం ప్రిన్సిపాల్ గారి దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, అక్కడ అలాగే రాశాను. ఇక్కడ మాత్రం నా మనసులో మొదట ఉన్నవాళ్లతోనే మొదలుపెడతాను.

కవిటి మండలంలో మా ఊరివాళ్లు ముప్పై రెండు మందికి ముందుగా నా దణ్ణాలు.

మా ఉద్దానం సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. ఇచ్ఛాపురం నుంచి పలాస దాకా, సముద్రం వైపు కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల మాది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని పెద్దలు అంటారు. అక్కడే దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పట్టుకుని ఉంది. షుగరు లేదు, బీపీ లేదు, పొద్దున్నే తోటకి పోయి పనిచేసుకునే మనిషికి ఒకరోజు కాళ్లు వాస్తాయి, అన్నం సయించదు. అప్పటికే కిడ్నీ సగానికి పైగా పోయి ఉంటుంది. ఎండలో పనా, తాగే నీళ్లా, పురుగుమందులా, ఇంకేదైనానా అని ఎంతోమంది వెతికారు, ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలోనూ, నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లలోనూ ఇలాంటి జబ్బే పొలం పని చేసుకునేవాళ్లని పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. ఇవన్నీ పెద్ద పనులు. నేను వేసుకున్నది చాలా చిన్న ప్రశ్న.

ఆ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది. అమ్మకి 45 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒకే వారంలో రెండు చోట్ల పరీక్ష చేయిస్తే ఒక కాయితంలో క్రియాటినిన్ 1.1, ఇంకో కాయితంలో 1.3 వచ్చింది. క్రియాటినిన్ అంటే కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీ తగ్గుతోందని అర్థం. చూడ్డానికి ఎంత, రెండు పాయింట్ల తేడా. క్రియాటినిన్‌ని బట్టి వడపోత లెక్కగట్టడానికి ఇప్పుడు వాడుతున్న 2021 సూత్రంలో (CKD-EPI) వేసి చూస్తే మాత్రం 1.1కి కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 63 మిల్లీలీటర్లు వస్తుంది, 1.3కి 52 వస్తుంది. 60 కంటే తక్కువ మూడు నెలలు ఉంటే జబ్బు ఉన్నట్టే లెక్క. అంటే ఒక కాయితం ప్రకారం అమ్మ గీతకి ఇవతల, ఇంకో కాయితం ప్రకారం అవతల. మా పెదనాన్న ఈ జబ్బుతోనే పోయారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. రెండో చోట రక్తం పొద్దున్న ఊళ్లో తీసుకెళ్లారు, పరీక్ష ఎప్పుడు చేశారో కాయితం మీద లేదు. ఆ గొట్టం సంచిలో ఎన్ని గంటలు ఉందో అడిగితే చెప్పేవాళ్లు లేరు.

అందుకే ప్రాజెక్టుకి టాపిక్ అడిగినప్పుడు మా గైడ్ మేడంతో ఇదే చెప్పాను: రక్తం తీశాక సీరం, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే పసుపు నీరు, వేరుచేయడం ఆలస్యమైతే క్రియాటినిన్ అంకె మారుతుందా? మేడం పెద్ద టాపిక్కులు చాలా చూపించగలరు. అయినా ఒక్క క్షణం ఆలోచించి, "ఇదే చెయ్యి. నీకు జవాబు కావాలి కాబట్టి మధ్యలో వదిలెయ్యవు" అన్నారు. మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పెట్టిన కాయితాలు మేడం నాలుగుసార్లు దిద్దారు. వాళ్ల పాపకి పరీక్షలు నడుస్తున్న రోజుల్లో రాత్రి పదకొండుకి ఫోన్ చేసి మరీ నా తప్పులు చెప్పారు. మేడం, మీ రుణం తీరేది కాదు.

సమ్మతి పత్రం ఊరికి పట్టుకెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. మా వీధి చివర తాత ఒకరు చదివించుకుని విన్నారు. "ఏ దశలోనైనా వైదొలగుటకు మీకు హక్కు కలదు" అన్న చోట ఆపి, "వైదొలగడమంటే ఏటే గుంటా?" అన్నారు. ఇష్టం లేకపోతే మానీయొచ్చు తాతా అన్నాను. "మరదే రాయొచ్చు కదా" అన్నారు. ఆ రాత్రి పత్రమంతా మళ్లీ రాశాను. మేడం ఆ కొత్త పత్రాన్నే కమిటీకి పంపి ఒప్పించారు.

తర్వాత ఆయన అడిగిన మాటకి మాత్రం నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. "ఎన్నిసార్లిచ్చినామే రగతం. పట్టుకెల్లినోలు మల్లీ రాలేదు. నువ్వు కాయితం తెస్తావా?" అది నిజం. మా ఊళ్లో ఎవరెవరో వచ్చి రక్తం, మూత్రం, బావి నీళ్లు పట్టుకెళ్లారు. అంకెలు ఎక్కడికి వెళ్లాయో ఏమో, ఇచ్చినవాళ్లలో చాలామంది చేతికి కాయితం రాలేదు. తెస్తాను తాతా అన్నాను. ఆ ఒక్క మాట మీద ముప్పై రెండు మంది ఒప్పుకున్నారు.

రక్తం తీసింది నేను కాదు, మా ఆరోగ్య కేంద్రంలోని సిస్టర్ గారు. ఒక్కొక్కరి రక్తం మూడు గొట్టాల్లోకి తీశాం. ఒకదాన్ని గంటలోపే అక్కడి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి సీరం వేరుచేసి చల్లగా ఉంచాం. ఇంకోదాన్ని అలాగే శ్రీకాకుళం తెచ్చి ఆరు గంటలకి, మూడోదాన్ని బయటే ఉంచి మర్నాటికి వేరుచేశాం. మూడింటినీ ఒకేసారి మిషన్లో పెట్టాలి, లేకపోతే ఆ తేడా రక్తానిదో మిషన్‌దో తెలియదు. తన గదిలో చోటిచ్చి, ఓపీ రద్దీలో కూడా సెంట్రిఫ్యూజ్ మాకు వదిలిన డాక్టరు గారికి నమస్కారాలు.

ఐసు పెట్టె కథ చెప్పకపోతే పాపం. కొనే స్తోమత లేదు. బారువ నుంచి చేపలు తెచ్చి మా ఊళ్లో అమ్మే పిన్ని తన థర్మాకోల్ పెట్టె ఇచ్చింది. చింతపండుతో తోమి, రెండు రోజులు ఎండలో పెట్టి వాసన పోగొట్టి మరీ ఇచ్చింది. నేను ఐసు గడ్డలు వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "అలగ కాదమ్మా, మజ్జిలో గాలుంటే బేగి కరిగిపోద్ది. పొడి సేసి కుక్కీ" అంది. ముప్పై ఏళ్లుగా ఎండలో ఐసుని కాపాడుతున్న మనిషి. ఆమె చెప్పినట్టు చేస్తే శ్రీకాకుళం చేరాక కూడా లోపల థర్మామీటరు 6 చూపించింది. గొట్టాలకి ఐసు తగలకుండా మధ్యలో మడతపెట్టిన గోనె ముక్క వేశాం. తగిలితే కణాలు పగిలి రక్తం పాడైపోతుంది.

ఇక మా ల్యాబ్ టెక్నీషియన్ అన్నయ్య. ఆయన లేకపోతే ఈ ప్రాజెక్టులో ఉన్న అంకెలన్నీ తప్పుగా ఉండేవి.

క్రియాటినిన్‌కి మేం వాడింది జాఫే పద్ధతి, 1886 నాటిది. సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన పిక్రిక్ ఆమ్లంలో సీరం వేస్తే పసుపు రంగు నెమ్మదిగా నారింజలోకి తిరుగుతుంది. ఎంత త్వరగా తిరుగుతోందో మిషన్ చూస్తుంది. చవకైనది, చిన్న ల్యాబుల్లో ఎక్కువగా ఇదే వాడతారు. చిక్కేమిటంటే క్రియాటినిన్ కాని పదార్థాలు కూడా కొన్ని అదే రంగు ఇస్తాయి. పైగా వేడి మారితే రంగు తిరిగే వేగం మారిపోతుంది.

మొదటి ఎనిమిది మంది అంకెలు చూసి నేను సంతోషంగా ఉన్నాను. అన్నయ్య వచ్చి నోట్‌బుక్ తిరగేసి, "కంట్రోల్ ఏసావా?" అన్నారు. వెయ్యలేదు. కంట్రోల్ అంటే అంకె ఎంత రావాలో ముందే తెలిసిన సీరం, మిషన్ సరిగ్గా చదువుతోందో లేదో దాంతో చూస్తారు. ఆ బుడ్డి ఖరీదు ఎక్కువ, ఒకసారి కలిపితే కొద్ది రోజులే ఉంటుంది, పొదుపు చేద్దామనుకున్నాను. ఆయన ఏమీ అనకుండా ఒక బుడ్డి తెరిచి కంట్రోల్ వేశారు. ఉండాల్సిన అంకె కంటే బాగా తక్కువ వచ్చింది. రీయేజెంట్ సీసా బయట చేత్తో పట్టుకున్నారు. "ఎప్పుడు తీసావమ్మా ఫ్రిజ్‌లోంచి?" అప్పుడే తీశాను. దాన్ని 37 డిగ్రీలకి రానివ్వకుండానే ఎనిమిది మందివీ చదివేశాను. సీరం మిగిలి ఉంటే మళ్లీ చదవొచ్చు. ఫ్రిజ్‌లో చోటు కోసం అదీ పారబోసేశాను.

ఆ రోజు ఏడ్చాను. మేడం కమిటీకి మళ్లీ ఉత్తరం రాసి అనుమతి తెచ్చారు. కానీ ఊరికి వెళ్లి అడగాల్సింది నేనే. ఆ ఎనిమిది ఇళ్లకీ వెళ్లి, తప్పు నాది, మీ రక్తం వృథా చేశాను అని చెప్పాను. వాళ్లలో ఆ తాత కూడా ఉన్నారు. చాలాసేపు చుట్ట చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. "ఇంతవరకూ తప్పయిందని సెప్పడానికి ఒక్కడూ రాలేదు" అన్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచారు. మిగతా ఏడుగురూ ఆయన వెనకే వచ్చారు.

ఆ రోజు తర్వాత కంట్రోల్ వెయ్యకుండా ఒక్క శాంపిల్ కూడా ముట్టుకోలేదు. అన్నయ్యా, మీరు ఆ రోజు నోట్‌బుక్ తెరవకపోతే ఆ ఎనిమిది తప్పు కాయితాలూ ఎనిమిది ఇళ్లకి చేరేవి.

జాఫే అంకెల్ని, వేరే పదార్థాలకి అంతగా మోసపోని ఎంజైమ్ పద్ధతితో పోల్చి చూడటానికి కిట్ ఖర్చు మాత్రమే తీసుకుని మిషన్ వాడుకోనిచ్చిన డయాగ్నస్టిక్ ల్యాబ్ వారికీ, లెక్కల డిపార్ట్‌మెంట్ సార్‌కీ ధన్యవాదాలు. రెండు పద్ధతుల అంకెలూ ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే కోరిలేషన్ 0.9 దాటిందని (1 అయితే పూర్తిగా కలిసినట్టు) నేను సంబరపడుతుంటే సార్ ఒక్క మాట అడిగారు: "మా ఇంట్లో గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. నీ గడియారంతో దాని కోరిలేషన్ ఎంత?" ఒకటి. "మరి టైం సరైనదేనా?" అప్పుడు కూర్చోబెట్టి, తేడాలని సగటు మీద గీసి చూసే బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫ్ నేర్పించారు. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే వచ్చింది.

తేలిందేమిటంటే, ఆరు గంటల వరకూ అంకెలో పట్టించుకోదగ్గ తేడా లేదు. మర్నాటి దాకా సీరం తియ్యకుండా బయట ఉంచిన గొట్టాల్లో మాత్రం జాఫే పద్ధతిలో చాలామందికి అంకె పైకి జరిగింది. అదే గొట్టాలకి ఎంజైమ్ పద్ధతిలో దాదాపు కదల్లేదు. అంటే పెరిగింది క్రియాటినిన్ కాదు, కణాల్లోంచి వచ్చిన వేరే సరుకు. ఇది పరిశోధకులు ఎప్పుడో చెప్పిన విషయమే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ముప్పై రెండు మందితో అంతకుమించి చెప్పకూడదు కూడా. అయితే మా ఉద్దానంలో ఇది మామూలు విషయం కాదు. ఈ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, పుల్ల ముంచి చూస్తే ఏమీ లేదనే రావచ్చు. అందుకే మావాళ్లు ఆ ఒక్క క్రియాటినిన్ అంకె మీదే బతుకు లెక్క వేసుకుంటారు.

అమ్మకి ఆ తర్వాత మూడు నెలల తేడాతో రెండుసార్లు సరిగ్గా చేయించాం. గీతకి ఇవతలే ఉంది. అమ్మా, నాన్నా, మీకు థాంక్స్ చెప్పడం నాకు చేతకాదు.

గత నెల ఆరోగ్య కేంద్రానికి వెళ్తే సిస్టర్ గారు ప్రతి గొట్టం మీదా పేరు పక్కన రక్తం తీసిన టైం మార్కర్‌తో రాస్తున్నారు. నేను అడగలేదు. ఆవిడంతట ఆవిడే మొదలుపెట్టారట.

కాయితాలన్నీ డాక్టరు గారు చూసి సంతకం పెట్టాకే ఇంటింటికీ తిరిగి ఇచ్చాను. అంకె ఎక్కువ వచ్చినవాళ్లని డాక్టరు గారే విడిగా పిలిచి మాట్లాడి, మళ్లీ పరీక్షకి రాశారు. తాత తన కాయితం రెండుసార్లు చదివించుకుని, మడిచి, ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నారు. ఇప్పటికి ముప్పై ఇచ్చాను. ఇంకో ఇద్దరు పనికని ఒకరు చెన్నై, ఒకరు హైదరాబాద్ వెళ్లారు. ఫోన్లో అంకె చెప్పాను గానీ, కాయితం చేతికే ఇమ్మన్నారు. ఊరి సంబరానికి వస్తారట. ఆ రెండూ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉన్నాయి.