ప్రీమియం కట్టాల్సిందే, కానీ ఆసుపత్రి బిల్లుకు హద్దు పెట్టేదెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

"హెల్త్ ఇన్సూరెన్స్ దండగ, ఆ డబ్బేదో బ్యాంకులో వేసుకుంటే మనదే కదా" అనే మాట ఈమధ్య నలుగురు కలిసిన చోటల్లా వినిపిస్తోంది. రెన్యువల్ మెసేజ్ వచ్చిన నెలలో మరీ ఎక్కువ. ఖమ్మంలో ఉంటున్న నేను ప్రైవేటు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడకు షుగర్, నాకు బీపీ. అయినా ఆ మాట నేను ఒప్పుకోను. ఏటా 30 వేలు దాచుకుంటే పదేళ్ళకు 3 లక్షలు, వడ్డీతో ఇంకాస్త. క్యాన్సర్‌లాంటిది వస్తే ఆ డబ్బు ఎన్నాళ్ళు వస్తుంది? పైగా మనం దాచుకునేదాకా జబ్బు ఆగదు, రెండో ఏడే రావచ్చు. అప్పుడు ఇళ్ళలో ఏం జరుగుతుందో మన ఊళ్ళలో తెలియనిది కాదు. ముందు బంగారం తాకట్టుకు పోతుంది, తర్వాత మూడు రూపాయల వడ్డీకి అప్పు, చివరికి ఉన్న అరెకరం బేరానికి వస్తుంది. అందుకే ప్రీమియం కట్టాల్సిందే అంటాను.

అలా కట్టినవాళ్ళకు డిశ్చార్జి రోజున ఏం మిగులుతోందన్నదే నా బాధ.

నిరుడు మా బావమరిదికి పిత్తాశయంలో రాళ్ళని ఆపరేషన్ చేశారు. 3 లక్షల పాలసీ ఉంది. రోజుకు గది అద్దె అందులో ఒక శాతం, అంటే 3 వేలకు మించకూడదని షరతు. ఆ ధరలో గది ఖాళీ లేదన్నారు. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని పక్కన పెట్టుకుని ఎవరు బేరమాడతారు? 6 వేల గదిలో చేర్చారు. నాలుగు రోజులకు బిల్లు లక్షా 80 వేలు. అద్దెలో తేడా 12 వేలు చేతి నుంచి పడుతుందని ఇంట్లోవాళ్ళు సిద్ధపడే ఉన్నారు. తీరా చూస్తే కంపెనీ ఇచ్చింది లక్షా 10 వేలు. గది అద్దె 24 వేలలో సగం కోశారు. గది పెద్దది కాబట్టి దాన్ని బట్టే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్ కూడా పెరిగాయంటూ ఆ 96 వేలలోనూ సగం కోశారు. గ్లవ్స్, దూది, మాస్కుల్లాంటి వాటికి వేసిన 10 వేలూ మొత్తంగా కొట్టేశారు. మందులు, పరీక్షల 50 వేలు మాత్రమే పూర్తిగా వచ్చాయి. మా మేనల్లుడు బిల్లు కాగితాలు కౌంటర్ మీద పరిచి ఒక్కో లైను కింద వేలు పెట్టి అడుగుతుంటే, అక్కడి అమ్మాయి ప్రతిసారీ "పాలసీలో ఉంది సార్" అనే చెప్పింది. పేషెంటేమో ఇంటికి వెళ్ళడానికి చొక్కా వేసుకుని పొద్దుటి నుంచి మంచం మీద కూర్చునే ఉన్నాడు. అప్రూవల్ వచ్చేసరికి రాత్రయింది.

పాలసీలో ఉన్నమాట నిజమే. దానితోపాటు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, అవి మనకు ఎవరూ చెప్పరు. గదిని బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రిలో ఈ రకం కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. ఐసీయూ చార్జీల మీద కూడా వేయకూడదు. క్యాష్‌లెస్‌కు (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతికి) గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో కంపెనీ అనుమతి ఇవ్వాలనీ, ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు చార్జీ కంపెనీయే భరించాలనీ 2024 మేలో అదే సంస్థ ఆదేశించింది. పాలసీలో ఏముందో రెండు మూడు పేజీల్లో తేలికగా చెప్పే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌ను అడిగితే తెలుగులో ఇవ్వాలి. అడిగి తీసుకోండి. గది అద్దె పరిమితి, కో-పే (బిల్లులో మన చేతి నుంచి కట్టాల్సిన వాటా), ముందు నుంచి ఉన్న జబ్బులకు ఎన్నాళ్ళు ఆగాలి అన్న మూడూ చూస్తే పాలసీ సంగతి చాలావరకు తేలిపోతుంది. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో తేల్చకపోయినా, ఆ జవాబు నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే అధికారి, హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. 50 లక్షల వరకు వివాదాలు వింటారు. నియంత్రణ సంస్థ లెక్క ప్రకారమే 2023-24లో కంపెనీలు చెల్లించకుండా తగ్గించిన మొత్తం సుమారు 15 వేల కోట్ల రూపాయలు. అలా కోత పడినవాళ్ళలో అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళకుండా నోరు మూసుకున్నవాళ్ళే ఎక్కువని నా నమ్మకం.

జీఎస్టీ సంగతి. సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద ఉన్న 18 శాతం పన్నును 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా తీసేశారు. చాలా మంచి పని. కానీ లెక్క వేసి చూడండి. 30 వేల ప్రీమియానికి పన్నుతో కలిపి 35,400 కట్టేవాళ్ళం. కంపెనీ ఏడాదికి పది శాతం చొప్పున పెంచితే మొదటి ఏడు 33 వేలు, రెండో ఏడు 36,300. రెండేళ్ళలో పన్ను మినహాయింపు మాయమైపోయింది! 60 దాటినవాళ్ళకు ఏడాదిలో పది శాతానికి మించి పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో నిబంధన పెట్టారు. 59 ఏళ్ళవాడికి ఆ కాస్త రక్షణ కూడా లేదు. 70 దాటితే ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ కార్డు వస్తుంది. ఇటు ఉద్యోగం పోయి, అటు ఆరోగ్యశ్రీ పరిధిలోకి రాక, 60కీ 70కీ మధ్య ఉన్న మాలాంటివాళ్ళం ఆ పదేళ్ళు ఎలా గడపాలి? ఆ కార్డు వయసు 60కి తగ్గించాలి.

ప్రీమియం ఎందుకు పెరుగుతోందని కంపెనీని అడిగితే ఆసుపత్రి ఖర్చులు పెరిగాయంటారు. అందులో అబద్ధం లేదు. ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే అడిగే మొదటి ప్రశ్న "ఇన్సూరెన్స్ ఉందా?" ఉందంటే ఒక రేటు, నగదంటే ఒక రేటు. కంటి శుక్లం ఆపరేషన్‌కు ప్రభుత్వ ఆసుపత్రిలో 10 వేల దాకా అయితే, ప్రైవేటులో 30 వేల నుంచి లక్షా 40 వేల దాకా తీసుకుంటున్నారని సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. రాష్ట్రాలతో మాట్లాడి ప్రామాణిక రేట్లు ఖరారు చేయాలని 2024 ఫిబ్రవరిలో కోర్టు కేంద్రానికి చెప్పింది. బీమా కంపెనీ మీద హైదరాబాద్‌లోనే కూర్చున్న నియంత్రణ సంస్థ ఉంది. ఆసుపత్రి బిల్లు మీద అలా అడిగే సంస్థ ఏది? ఒకవైపే ఆనకట్ట కట్టి నీళ్ళు ఆగాలంటే ఎలా ఆగుతాయి?

ఇన్సూరెన్స్ లేనివాళ్ళకూ ఇదే సమస్య. ఆరోగ్యశ్రీ ఉన్నా సరే, బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. ఆరోగ్యశ్రీకి ఒప్పుకున్న ధరలోనే అదే డాక్టరు అదే ఆపరేషన్ చేస్తున్నప్పుడు, మిగతావాళ్ళ దగ్గర ఎన్ని రెట్లు తీసుకుంటున్నారో, ఎందుకు తీసుకుంటున్నారో రాసి చూపించమనడం తప్పేమీ కాదు.

తెలంగాణలో అమల్లో ఉన్న క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల్లోనే, ఏ సేవకు ఎంత తీసుకుంటారో అందరికీ కనిపించేలా స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు పెట్టాలని ఉంది. జిల్లా వైద్యాధికారులు ఆ బోర్డులు ఉన్నాయో లేవో తనిఖీ చేసి, ఏ ఆసుపత్రిలో ఏ గదికి ఎంత, ఏ ఆపరేషన్‌కు ఎంత అన్న పట్టికను జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలని కోరుతున్నాను. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నదాన్ని అమలు చేస్తే చాలు. మీ పత్రిక జిల్లా పేజీల్లో ఈ బోర్డుల సంగతి మీద ఒక పరిశీలన వేయిస్తే, ఏ ఆసుపత్రిలో చేరాలో జనం ముందే తెలుసుకుని వెళ్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రైవేటు ఉద్యోగి,
ఖమ్మం