ఓనరు గారికి లారీ రాయునది

ఆదివారం, రాత్రి పది దాటింది

ఒరేయ్ ఓనరూ,

ముందు తిట్టేసి ఆ తర్వాత చదువు. సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఈ మధ్యలో నాలుగుసార్లు మొదలుపెట్టాను. నాలుగుసార్లూ ఎవరో ఒకరు పైపు పగిలిందని ఫోన్ చేశారు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, ఆపరేషన్ మాటెత్తితే మాత్రం లేచి పరిగెత్తగలదు. పెద్దదానికి ఇంటర్ పరీక్షలు. మీ చెల్లెలు ఆవకాయ సీసా కట్టి ఉంచింది, బెంగళూరు వచ్చేవాళ్లెవరైనా దొరికితే పంపుతుంది. నా బదిలీ ఈసారీ లేదు. విశేషాలు ఇంతే.

ఇక అసలు సంగతి. ఫోన్లో చెప్పొచ్చు, కానీ నువ్వు మధ్యలో నవ్వుతావు, ఆ తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు. పైగా ఇందులో ఒక ముక్క నీ గొంతు వింటూ చెప్పలేను. అందుకని కాయితం.

మాకు కొత్త కమిషనర్ మేడమ్ వచ్చింది. మన పెద్దదాని కంటే ఓ పదేళ్లు పెద్దదేమో అంతే. వచ్చిన నెలకే ఒక ఫైలు నా బల్ల మీద పెట్టించింది. మున్సిపాలిటీ భవనాలు, పార్కులు, ఫుట్‌పాత్‌లు, మనం పెట్టే మీటింగులు, ఇచ్చే నోటీసులు, వీటిలో దివ్యాంగులకు ఎక్కడెక్కడ ఏం అడ్డముందో చూసి, ఏది ముందు బాగుచేస్తామో ఏది తర్వాతో ఒక ప్లాన్ రాయాలట. నేనేమనుకున్నానో తెలుసా? రెండు ర్యాంపులు, ఒక రెయిలింగు, నాలుగు నీలం బోర్డులు, శనివారానికల్లా ఎస్టిమేట్ అయిపోతుందనుకున్నాను. ఎస్టిమేట్ల దగ్గర నా చురుకుతనం నీకు తెలుసుగా, సర్వే క్యాంపు నుంచీ. (ఆ చెరువు లోతు గురించి ఎత్తావంటే ఈ ఉత్తరం ఇక్కడే చించేస్తాను.)

మేడమ్ ఒక మెలిక పెట్టింది. నేను ఒక్కణ్ణే టేపు పట్టుకుని తిరగడానికి వీల్లేదు, వాడుకునేవాళ్లను వెంటబెట్టుకుని తిరగాలి. ఇద్దరు వచ్చారు. ఒకరు రిటైరైన సోషల్ మాస్టారు, చూపు బొత్తిగా లేదు, తెల్ల కర్ర ఉంటుంది, గొంతు మాత్రం నాలుగు క్లాసులకు వినిపిస్తుంది. ఇంకొకావిడ బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు నడుపుతుంది, వీల్‌చైర్లో తిరుగుతుంది. ఆవిడ మాట్లాడేది తక్కువ. మాట్లాడితే నీలాగే, ముల్లు ఎక్కడ దిగిందో రాత్రికి గాని తెలియదు.

మొదటిరోజు మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్. పసుపు పలకలు పరిచాం కదా, వాటిని గర్వంగా చూపించాను. మాస్టారు కర్ర ఆనించి పది అడుగులు వేసి ఆగిపోయారు. "ఏమయ్యా ఇంజినీరూ, గీతలుంటే నడువు అని, చుక్కలుంటే ఆగు అని కదా అర్థం. మీరు ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్కలే పరిచారు. నీ ఫుట్‌పాత్ నన్ను అడుగడుక్కీ ఆగు, ఆగు, ఆగు అంటోంది" అన్నారు. కాంట్రాక్టరుకు చుక్కలవి చవగ్గా దొరికాయి, మనం చూసుకోలేదు. ఆ చుక్కలు కూడా తిన్నగా వెళ్లి కరెంటు స్తంభానికి కొట్టుకున్నాయి. స్తంభం కన్నా ముందు మాస్టారి చెయ్యి పట్టుకున్నాను, అదొక్కటే ఆ రోజు నేను చేసిన మంచి పని.

పార్కు దగ్గర బైకులు రాకుండా గేటును వంకరగా పెట్టాం. బైకులు పక్క కంచె దాటి వస్తున్నాయి, వీల్‌చైర్ మాత్రం బయటే ఆగింది. ఆఫీసులో 'దివ్యాంగుల మరుగుదొడ్డి' అని బోర్డున్న గది తాళంచెవికి అరగంట వెతికాం. తీస్తే లోపల బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, చీపుళ్లు, పోయిన ఎన్నికల నాటి అట్టపెట్టెలు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ "ఎవరూ వాడట్లేదని పెట్టాం సార్" అన్నాడు. అవన్నీ ఒకెత్తు.

మా ఆఫీసు ముందు ర్యాంపు ఉంది. 2018 మార్చిలో, బడ్జెట్ మురిగిపోతుందని హడావిడిగా పోసిన ర్యాంపు. గుమ్మం రోడ్డు కంటే 18 అంగుళాల ఎత్తు. టేపు పెట్టాం. ర్యాంపు పొడవు 6 అడుగులు. అంటే 1:4. ఉండాల్సింది 1:12, అంటే 18 అడుగులు. ఒరేయ్, ఈ లెక్క నాలుగో క్లాసు పిల్లాడు చేస్తాడు. ఆవిడ కిందనుంచి ఒకసారి చూసి, "ఇద్దరు తోస్తారా, చూద్దాం" అంది. అటెండరూ నేనూ తోశాం. సగం దూరం వెళ్లేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. ఆవిడ అరవలేదు, "చాలు, వెనక్కి దించండి" అంది, అంతే. చేతుల్లో చెమట ఇంకా గుర్తుంది నాకు. దిగాక అడిగింది, "దీన్ని ఇప్పటిదాకా ఎవరు వాడారండీ?" అటెండరు సత్యవంతుడు. "నా బైకండీ, మంచినీళ్ల టిన్నుల ట్రాలీ అండీ" అన్నాడు.

మాస్టారు "కట్టిన మహానుభావుడెవరో పుస్తకంలో ఉంటుందిగా" అన్నారు నవ్వుతూ. ఉంటుంది. చేసిన పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో ఉంటుంది. నా సంతకం, నా అక్షరాలు, 'పని సంతృప్తికరం' అని.

నవ్వుకో. ఇక్కడ నవ్వొచ్చు, ఇచ్చాను అనుమతి.

ఆ రాత్రి నిద్రపట్టలేదురా. 2024 నవంబర్లో నువ్వు వాట్సాప్‌లో ఒక సుప్రీంకోర్టు తీర్పు పంపావు, నేను బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నాను. లేచి అది వెతికి చదివాను. రాజీవ్ రాతూరి కేసు, ఆయన 2005లో వేసింది. మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే కోర్టుకు నివేదిక రాసిచ్చారు. దివ్యాంగుల హక్కుల చట్టం 'చెయ్యాలి' అంటుంటే 2017 రూల్స్‌లోని 15వ రూలు కొలతలన్నిటినీ సలహాలుగా వదిలేసింది, అది చెల్లదు, 3 నెలల్లో తప్పనిసరి రూల్స్ రాయండి అన్నారు. అక్కణ్ణుంచి ఆ 2016 చట్టం కూడా తీశాను. 45వ సెక్షన్ చూశావా? నువ్వు చూసే ఉంటావులే. పాత ప్రభుత్వ భవనాలకు ఐదేళ్ల గడువు. అది 2022లోనే దాటిపోయింది. స్థానిక సంస్థలు కూడా ఏది ముందు ఏది వెనక అని ప్లాన్ వేసి ప్రచురించాలట. మేడమ్ ఇచ్చిన ఫైలు ఆమె సొంత సరదా అనుకున్నాను నేను! పదకొండేళ్ల సర్వీసు పెట్టుకుని...

సరే, ఈ ప్లాన్ మీద జరిగిన మీటింగుకొద్దాం. అదే అసలు ముక్క.

మా దగ్గర జనం అర్జీలు వినే సోమవారం గ్రీవెన్స్ మేడ మీద కౌన్సిల్ హాల్లో జరుగుతుంది. లిఫ్టు లేదు. మెట్లెక్కలేనివాళ్లు కింద కూర్చుంటే అటెండరు వచ్చి అర్జీ తీసుకెళ్తాడు. జిరాక్స్ ఆవిడ మూడుసార్లు అలాగే ఇచ్చిందట. "పైన మాట్లాడినవాళ్ల పనులు అవుతున్నాయి, నాది కాగితంగానే ఉండిపోతోంది" అంది. నేను లేచి ఘనంగా లిఫ్టు ప్లాన్ పరిచాను. పాత గోడల భవనం కదా, బయట వేరే షాఫ్టు కట్టాలి, డ్రాయింగులతో సహా తెచ్చాను. నా పై ఇంజినీరు డీఈ గారు చూసి, నిధులు, మంజూరు, టెండరు, అన్నీ కలిపి రెండేళ్లు పడుతుందన్నారు. అందరూ తలలూపారు. ఆవిడ మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "నూట నాలుగు సోమవారాలు" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు. అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు.

థర్డ్ ఇయర్లో నేను మార్నింగ్ షోకి పోయిన రోజు. నీకు చెప్పలేదు, నిన్ను మేడ మీద క్లాసుకు మోసుకెళ్లే లారీ రాలేదు, నువ్వు వేపచెట్టు కింద కూర్చున్నావు. సాయంత్రం నాలుగింటికి నేను వచ్చేదాకా. పైన నాలుగు క్లాసులు నడిచాయి, నాలుగింటిలోనూ నీకు ఆబ్సెంట్. నువ్వు కోప్పడలేదు, సినిమా ఎలా ఉందని అడిగావు. ఆ తర్వాత ఎప్పుడో, హాస్టల్లో, దుప్పటి కప్పుకుని అటు తిరిగి అన్నావు, "రెండేళ్లుగా నన్ను పైకి మోస్తున్నావు గానీ, క్లాసు కిందికి దించమని ఒక్కసారి ఎవర్నీ అడగలేదురా మనం" అని. కింద గది ఖాళీగానే ఉండేది. విరిగిన బల్లలు ఉండేవి అందులో. నేను ఏమీ అనలేదు. అనకపోగా నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది, ఇంత మోస్తుంటే ఇదా మాట అని. ఇన్నేళ్లలో నీకు... వద్దులే. ఇది ఇలాగే ఉండనీ.

నేను లేచి అన్నాను: "మేడమ్, లిఫ్టు ఎప్పుడొస్తే అప్పుడు రానివ్వండి. గ్రీవెన్స్‌నే కిందికి దించుదాం." నా గొంతు నాకే కొత్తగా ఉంది. మేడమ్ "కింద హాలు ఎక్కడుంది?" అంది. ఉంది. రికార్డు రూమ్! వెనక వైపు గుమ్మం నేలకు రెండంగుళాల ఎత్తే, నా దిక్కుమాలిన ర్యాంపుతో పనే లేదు.

ఇక యుద్ధం మొదలు. మా రికార్డు అసిస్టెంట్‌ను నువ్వు చూడాలి. మన హాస్టల్ వార్డెన్‌కి మీసాలు తీసేస్తే అచ్చం ఈయనే. "ఏభై ఏళ్ల దస్త్రాలండీ, కదిలిస్తే పొడైపోతాయి. అంత బరువు మేడ మీద పెడితే శ్లాబు ఆగుతుందా?" అన్నాడు. శ్లాబు సంగతి నాకొదిలెయ్యమన్నాను. నిజంగానే లెక్క వేశాను, బీరువాలన్నీ గోడవారగా పెడితే ఇబ్బంది లేదు. (ఈసారి లెక్క రెండుసార్లు చూశాను.) "దస్త్రాలు మెట్లెక్కాలా!" అని ఆయన ఆఖరి అస్త్రం వేశాడు. మాస్టారు మూలనుంచి, "వాటికి కాళ్లు నొప్పులేం రావులేవయ్యా" అన్నారు. మేడమ్ కూడా నవ్వేసింది.

శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం సాయంత్రం దాకా మోశాం. వర్క్ ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు, అటెండర్లు, నేను. ఇంటి పన్ను రిజిస్టర్లు ఎంత బరువో ఎప్పుడైనా ఎత్తావా? ఇరవై రెండు మెట్లు. మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే నీ మాట వినిపించింది, "ఒరేయ్ గేరు మార్చు" అని. ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే రికార్డు అసిస్టెంట్ అనుమానంగా చూశాడు. నడుము ఇవాళ్టికీ పట్టేసి ఉంది. లారీ పాతబడిపోయిందిరా.

వెనక గుమ్మం దగ్గర ఆ రెండంగుళాల గడప కొట్టించి వాలుగా సిమెంటు పోయించాను. ఈసారి రెండడుగుల పొడవు, 1:12, నేనే మోకాళ్ల మీద కూర్చుని కొలిచాను. సోమవారం పదిన్నరకు ఆవిడ వచ్చింది. ఎవరూ తొయ్యలేదు. వీల్‌చైర్ తనే తిప్పుకుంటూ వచ్చి వరసలో నాలుగో నంబర్లో ఆగింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను, ఏదైనా అంటుందేమో అని. ఏమంటుంది? నా వైపు చూడనైనా చూడలేదు. తన వంతు వచ్చాక మేడమ్‌కి ఎదురుగా వెళ్లి, తన వీధిలో డ్రైనేజీ పొంగుతోందని, మూడు అర్జీలిచ్చినా ఎవరూ రాలేదని, వాటి రశీదులు వరసగా బల్ల మీద పరిచింది. జిరాక్స్ కాపీలతో సహా. మేడమ్ "ఆ వార్డు ఇంజినీరు ఎవరు?" అంది.

నేనే.

మూడు రోజులు గడువిచ్చారు. రెండు రోజుల్లో చేయించాను, ఎందుకో అడక్కు.

ప్లాన్ ఇంకా పూర్తి కాలేదు. పాత ర్యాంపు పగలగొట్టి మలుపుతో తిరిగి కట్టాలి, అది మొదటి ఆరు నెలల్లో. పసుపు పలకలు, పార్కు గేటు కూడా అందులోనే. లిఫ్టు రెండో ఏడాదికి. నోటీసులన్నీ మాస్టారి ఫోన్ చదివిపెట్టేలా పంపాలి, ఇప్పుడు మేము స్కాన్ చేసి పంపుతుంటే ఆయన ఫోన్ 'బొమ్మ, బొమ్మ' అంటోందట. వినపడనివాళ్లు గ్రీవెన్స్‌కి వస్తే ఏం చెయ్యాలో మాకు ఇంకా తట్టలేదు, సైగల భాష వచ్చినవాళ్లు ఊళ్లో దొరకట్లేదు. చిత్తుప్రతి దీంతో పెడుతున్నాను. ఎర్రపెన్ను తీసుకుని కూర్చో. మొహమాటపడకు, నువ్వు ఎప్పుడూ పడలేదుగా. ముఖ్యంగా మూడో పేజీలో బస్ షెల్టర్ల గురించి నేను రాసింది నాకే నచ్చలేదు, ఎత్తు సరిపోతుందా లేదా అనేది నువ్వు వచ్చి ఒకసారి...

అదుగో ఫోను. పైపే. రెండో వార్డట. తర్వాత రాస్తాను, ఆవకాయ సంగతి మీ చెల్లెలు

నీ
లారీ