ఒక్క మండలం రోజులు

చిన్నా,

దిల్‌సుఖ్‌నగర్‌కూ కొండాపూర్‌కూ మధ్య ఉత్తరం ఎందుకని అనుకుంటావేమో. ఫోనులో నీ తాగుడు మాట ఎత్తితే "సరేలే నాన్నా" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే చివరిదాకా చదువుతావని ఆశ.

పోయిన ఆదివారం మీ ఇంట్లో టేబుల్ మీద నీ పరీక్షల రిపోర్టు కనిపించింది. చదవకుండా ఉండలేకపోయాను. గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని ఉంది. ఈ దశలో తాగడం ఆపితే కొన్ని వారాల్లోనే కాలేయంలో పేరుకున్న కొవ్వు తగ్గడం మొదలవుతుంది. ఆలస్యం కాకముందే రాస్తున్నది అందుకే.

మానెయ్యమని ఆజ్ఞాపించడం లేదు. ఆజ్ఞలు ఎంతవరకు పనిచేస్తాయో నాకు తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంట ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక, 1995లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా మద్యనిషేధం వచ్చింది. మీ అమ్మ ఎంత సంబరపడిందో! నేను మాత్రం చాటుగా దొరికింది వెతుక్కుని తాగాను. 1997లో నిషేధం సడలించారన్న వార్త విన్న రాత్రి మీ అమ్మ అన్నం ముట్టలేదు.

నన్ను మొదటిసారి ఆపింది 2001లో వేసుకున్న అయ్యప్ప మాల. ఒక మండలం, అంటే 41 రోజులు. మొదటి వారం నిద్ర పట్టక చాప మీద దొర్లాను. మందు కళ్లు తొందరగా మూయిస్తుంది గానీ, అర్ధరాత్రి దాటాక నిద్రను ముక్కలు చేస్తుందనీ, కలలు వచ్చే నిద్రను తగ్గిస్తుందనీ తర్వాత ఒక డాక్టరు చెబితే తెలిసింది. రెండో వారం దాటాక, తెల్లవారుజామున స్నానానికి ఎవరూ లేపకుండానే లేచాను. కడుపులో మంట పోయింది.

అంతకన్నా పెద్ద సంగతి ఒకటి ఉంది, నీకు గుర్తుందో లేదో. అప్పుడు నువ్వు ఆరో తరగతి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎప్పుడూ పొద్దున్నే, బూట్లు వేసుకుంటూ పెట్టించుకునేవాడివి. సాయంత్రం చీకటి పడ్డాక నా దగ్గరికి వచ్చేవాడివి కాదు. మాలలో ఉన్నప్పుడు మాత్రం, ఇంటికి రాగానే సంచిలోంచి తీసి నా ఒళ్లో పెట్టావు. లెక్కల్లో మార్కులు తక్కువే వచ్చాయి. అయినా తెచ్చావు.

శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రమే, బాకీ తీర్చుకుంటున్నట్టు తాగాను. తర్వాతి కార్డు మళ్లీ పొద్దున్నే వచ్చింది. పూర్తిగా మానడానికి నాకు ఇంకో మూడేళ్లు పట్టింది. కానీ మందు లేని సాయంత్రం ఎలా ఉంటుందో అప్పటికే ఒకసారి చూసి ఉండబట్టే మానగలిగాను.

నువ్వు లెక్కలు అడిగే మనిషివి కాబట్టి అవీ చెబుతాను. లండన్‌లో డాక్టర్లు నెల రోజులు మానిన 94 మందిని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. తిండి, వ్యాయామం పెద్దగా మార్చుకోకపోయినా వాళ్లకు రక్తపోటు తగ్గింది, షుగరుకు దారితీసే లక్షణం, అంటే ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడం, సుమారు నాలుగో వంతు తగ్గింది. మన ఇంట్లో షుగరు మా నాన్న నుంచి వస్తోంది, మరిచిపోకు. క్వార్టర్ (180 మి.లీ.) విస్కీలో దాదాపు 400 కేలరీలుంటాయి, రెండు కప్పుల అన్నమంత. నంజుకునేది దీనికి అదనం. ఇంత తాగితే ఏమీ కాదని చెప్పగల మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది.

ఒక్క విషయం దాచకుండా చెప్పు. పొద్దున చేతులు వణకడం, చెమటలు పట్టడం, కాస్త తాగితే గానీ కుదుటపడకపోవడం నీకు ఉందా? ఉంటే నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపవద్దు. రోజూ బాగా తాగే శరీరం అలా ఆపితే మూర్ఛలు రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు డాక్టరు దగ్గరికి నేనే తీసుకువెళతాను. నాతో చెప్పలేకపోతే టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఫోను చెయ్యి, డబ్బు తీసుకోరు.

అలాంటిదేమీ లేకపోతే, 41 రోజులు ఆగి చూడు. కార్తీకం దాకా ఎదురుచూడనక్కర్లేదు, మాలా అక్కర్లేదు. వచ్చే సోమవారం మొదలుపెట్టు. శుక్రవారం సాయంత్రాలే నీకు కష్టమని తెలుసు. ఆ పూట పాపను, కోడలిని తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే చాలు. ఏడు గంటలకల్లా దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ మెట్ల కింద నిలబడి ఉంటాను.

నాన్న