కొవ్వు మానమన్నారు, అన్నం మాట ఎత్తలేదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

కాలేయానికి కొవ్వు పట్టినవారు ఏం తినాలో వివరిస్తూ కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. అందులో తప్పేమీ లేదు. కానీ ఓట్స్, ఆలివ్ నూనె, అవకాడో, బ్లూబెర్రీ అంటూ సాగిన ఆ జాబితాలో, కావలిలో మా వీధిలోని వంటిళ్లలో ఉండే వస్తువు ఒక్కటీ కనిపించలేదు. మేము పూటపూటా తినే అన్నం ప్రస్తావన అసలే లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ జబ్బున్నవారికి అన్నిటికన్నా ముందు చెప్పవలసింది అన్నం సంగతేనని నా అనుభవంలో తెలిసినందువల్ల ఈ లేఖ రాస్తున్నాను.

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ని. మూడేళ్ల కిందట కడుపులో కుడివైపు బరువుగా ఉంటోందని స్కానింగు తీయించుకుంటే 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని రిపోర్టు వచ్చింది. చూసిన డాక్టరు గారు కొవ్వు పదార్థాలు తగ్గించి రోజూ నడవమని చెప్పి, ఒక మాత్ర రాసి పంపారు. కొవ్వు తగ్గించమన్నారు కదా అని గుడ్డు మానేశాను, చేపలు మానేశాను, వేరుశనగపప్పు ముట్టుకోలేదు. అవన్నీ పోయాక కడుపు నింపింది అన్నమే: చారుతో ఒకసారి, మజ్జిగతో మరోసారి. ఒంటికి మంచిదని సాయంత్రం పూట గ్లాసుడు బత్తాయి రసం, అందులో రెండు చెంచాల చక్కెర. ఎనిమిది నెలల తర్వాత రెండోసారి స్కానింగు చేయిస్తే గ్రేడ్ 2 అని వచ్చింది. అంత నిష్ఠగా కొవ్వు మానేసినవాడి కాలేయంలో కొవ్వు ఎలా పెరిగిందో నాకు అంతుపట్టలేదు.

చెన్నైలో ఒక పోషకాహార నిపుణురాలు మూడు రోజుల పాటు నేను తిన్నవన్నీ కాగితం మీద రాయించి చూశాక కారణం బయటపడింది. కాలేయంలో చేరే కొవ్వంతా నూనె నుంచీ నెయ్యి నుంచీ వచ్చింది కాదు. శరీరం ఖర్చుపెట్టగలిగినదానికి మించి మనం తిన్న పిండిపదార్థాన్ని, చక్కెరను కాలేయం తానే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. చక్కెరలో సగం ఫ్రక్టోజు కాగా, ఆ ఫ్రక్టోజు భారమంతా ఇంచుమించు కాలేయం మీదే పడుతుంది. పండును పండుగా తింటే పీచు వల్ల కడుపు నిండుతుంది. రసం తీస్తే మూడు నాలుగు పండ్ల తీపి నిమిషంలో లోపలికి పోతుంది. చల్లగా ఉంటుందని ఎండలో తాగే 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాను. టీకి రెండు చెంచాల చొప్పున రోజుకు నాలుగు టీలు తాగినా లెక్క అంతకు తగ్గదు.

ఇక అన్నం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం మించకూడదు. నా కాగితం లెక్క చూస్తే అది 70 శాతం దగ్గర తేలింది. పొద్దున దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. దోసె కూడా బియ్యమేనన్న సంగతి మనం లెక్కలోకి తీసుకోం. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకొని మురిసిపోయే జిల్లా మనది. ఇక్కడ అన్నం తగ్గించమంటే కడుపు మాడ్చుకోమన్నట్టు వినిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఇప్పుడు నా కంచంలో సగం కూరలు, ఆకుకూరలు. పావు వంతు ముద్దపప్పో గుడ్డో చేపో. మిగిలిన పావు వంతే అన్నం. చేపల పులుసు మానవలసిన పనిలేదు. మానవలసింది, ఆ పులుసు రుచికి మూడోసారి వడ్డించుకునే అన్నాన్ని. కనిగిరి, పామూరు మెట్ట ప్రాంతాల పెద్దవాళ్లు తిన్న సజ్జలు, కొర్రలు, వాటితోపాటు కందులు, అలసందలు, శనగలు మనకు దూరపు వస్తువులు కావు. అయితే కొర్రన్నమైనా కొలతకు లోబడే తినాలి. రాగిజావలో బెల్లం దండిగా వేసుకుంటే మళ్లీ మొదటికే వస్తుంది. కాఫీ మానలేనివారికి ఒక ఊరట: చక్కెర లేని కాఫీ కాలేయానికి మేలు చేసేదిగానే పరిశోధనల్లో కనిపిస్తోంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. షుగరుకు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నవారు డాక్టరుతో చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకూడదు, రక్తంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది.

నేను 82 కిలోల నుంచి 75 కిలోలకు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుందనీ, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా నెమ్మదిస్తుందనీ వైద్యులు చెబుతారు. ఉపవాసాలతో నెలలో పది కిలోలు తగ్గాలని చూడటం కాలేయానికే చేటు. వాట్సాప్‌లో తిరిగే కషాయాల సంగతీ అంతే. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి మన దేశపు వైద్యులే నివేదించారు.

మా వీధిలో ఒక గృహిణి ఈ రిపోర్టును ఆరు నెలలు ఇంట్లో కూడా చూపించకుండా దాచుకున్నది. లివర్ జబ్బంటే తాగేవాళ్లకు వచ్చేదని లోకం అనుకుంటుంది కనుక నలుగురూ ఏమంటారోనని ఆమె భయం. ఆ మాట నాతో చెబుతున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. మద్యం చుక్క ముట్టనివారికీ, చూడటానికి సన్నగా ఉన్నవారికీ ఇది వస్తుందని మీవంటి పత్రికలు పదేపదే రాస్తే తప్ప ఈ భయం పోదు. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ జబ్బు పేరులోంచి మద్యం మాట తీసేసి, శరీరంలోని జీవక్రియల లోపానికి ముడిపెట్టి కొత్త పేరు పెట్టడానికి ఇటువంటి అవమానాన్ని తప్పించడం కూడా ఒక కారణం.

కేంద్ర ప్రభుత్వం 2021లోనే ఈ జబ్బును బీపీ, షుగరు వంటి వ్యాధుల జాతీయ నియంత్రణ కార్యక్రమంలో చేర్చింది. కాబట్టి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ చూసే సిబ్బంది టేపుతో నడుము కొలత కూడా తీయాలని, మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే తిండి గురించి రెండు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాలని రెండు జిల్లాల వైద్యాధికారులను కోరుతున్నాను. స్కానింగు రిపోర్టుతోపాటు ఏది ఎంత తినాలో తెలుగులో అచ్చువేసిన ఒక్క పేజీ చేతికిస్తే, నాలాగా ఎనిమిది నెలలు తప్పుదారిలో నడిచేవారు తగ్గుతారు. మీ ఆరోగ్యం పేజీలో ఈసారి ఓట్స్ గిన్నెకు బదులు మన భోజనం కంచం బొమ్మ వేసి, అందులో అన్నం ఎంత ఉండాలో గీత గీసి చూపించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.